ఇల్లు కదల్లేదు, సీటు కదిలింది



2024 వేసవి సెలవుల్లో నేను మా మామ వాళ్లింటికి హైదరాబాద్ పోయాను. మామ సెంట్రింగ్ పని చేస్తాడు. పాతబస్తీలో జూ పార్కుకు దగ్గర్లో కిరాయికి ఉంటాడు. నేను పోయింది జూ చూడటానికే. కానీ అప్పుడు లోక్‌సభ ఎన్నికలు నడుస్తున్నాయి. మే 13న పోలింగ్. గల్లీ నిండా జెండాలు, ఆటోలకు మైకులు.

ఇంటి ఓనరు ఒక ముసలాయన. అందరూ చాచా అంటారు, నేనూ అలాగే పిలిచాను. పోలింగ్ ముందురోజు ఆయన అరుగు మీద కూర్చొని ఓటరు స్లిప్పు చూసుకుంటున్నారు. దాని మీద “69 - బహదూర్‌పురా” అని ఉంది.

“చాచా, చార్మినార్ ఇక్కడికి దగ్గరే కదా. మీది చార్మినార్ సీటు కాదా?” అని అడిగాను.

ఆయన నవ్వి, “నేను పుట్టింది ఈ ఇంట్లోనే బేటా. ఇల్లు కదల్లేదు. సీటే కదిలింది. 2009 ముందు బహదూర్‌పురా అనే సీటే లేదు” అన్నారు.

ఇల్లు కదలకుండా సీటు ఎట్లా కదులుతుంది? ఆ రాత్రంతా నాకు అదే ఆలోచన. బడి తెరిచాక మా సోషల్ సారును అడిగాను. సారు రెండు రోజులు సాయంత్రం స్టడీ అవర్‌లో కూర్చోబెట్టి చెప్పారు. “నీకు అర్థమైతే సరిపోదు, గోడ పత్రికకు రాయి, పదిమందికీ అర్థం కావాలి” అన్నారు. అందుకే ఈ వ్యాసం.

నియోజకవర్గాల పునర్విభజన అంటే ఏమిటి?

మనం ఎమ్మెల్యేను ఎన్నుకోవడానికి రాష్ట్రాన్ని కొన్ని ముక్కలుగా విభజిస్తారు. ఒక్కో ముక్క ఒక అసెంబ్లీ నియోజకవర్గం. కొన్ని అసెంబ్లీ నియోజకవర్గాలు కలిస్తే ఒక లోక్‌సభ నియోజకవర్గం. తెలంగాణలో 119 అసెంబ్లీ సీట్లు, 17 లోక్‌సభ సీట్లు ఉన్నాయి.

జనం ఒకచోట ఆగరు కదా. పల్లెల నుంచి పట్నం పోతారు. ఒక ముక్కలో జనం పెరుగుతారు, ఇంకోచోట తగ్గుతారు. రెండు లక్షల మందికి ఒక ఎమ్మెల్యే, ఆరు లక్షల మందికీ ఒక్కడే ఎమ్మెల్యే అయితే ఆరు లక్షల వాళ్ల ఓటు విలువ మూడో వంతుకు పడిపోయినట్టే. ఆ తేడా సరిచేయడానికే జనాభా లెక్కల తర్వాత గీతలు మళ్లీ గీస్తారు. దాన్నే పునర్విభజన అంటారు. రాజ్యాంగంలో లోక్‌సభ సీట్ల గురించి 82వ అధికరణం, అసెంబ్లీ సీట్ల గురించి 170వ అధికరణం చెబుతాయి.

ఇంతవరకు న్యాయంగానే ఉంది. అయితే చిక్కంతా గీత ఎటు పోతుందన్న దాంట్లోనే ఉంది. అది ఒక ఆటతో చెబుతాను. మా సారు నాకు అట్లాగే చెప్పారు.

చింతగింజల లెక్క

6 చింతగింజలు, 9 గులకరాళ్లు తెచ్చుకోండి. మొత్తం 15. ఇవి 15 ఓట్లు అనుకోండి. వీటిని మూడేసి చొప్పున 5 కుప్పలు చేయాలి. ఒక్కో కుప్ప ఒక నియోజకవర్గం. ఏ కుప్పలో ఏవి ఎక్కువుంటే ఆ కుప్ప వాళ్లది.

మొదటి పద్ధతి: మూడు కుప్పల్లో రెండేసి గింజలు, ఒక్కో రాయి పెట్టండి. మిగిలిన రెండు కుప్పల్లో అన్నీ రాళ్లే. గింజలు 3 సీట్లు గెలిచాయి, రాళ్లు 2 గెలిచాయి. తక్కువ ఓట్లున్న గింజలకే మెజారిటీ!

రెండో పద్ధతి: గింజలన్నీ రెండు కుప్పల్లోనే పెట్టండి. అప్పుడు గింజలకు 2, రాళ్లకు 3.

మూడో పద్ధతి: నాలుగు కుప్పల్లో ఒక్కో గింజ, రెండేసి రాళ్లు. ఐదో కుప్పలో రెండు గింజలు, ఒక రాయి. ఇప్పుడు గింజలకు 1, రాళ్లకు 4.

చూశారా మిత్రులారా! ఒక్క గింజ పెరగలేదు, ఒక్క రాయి తగ్గలేదు. ఎవ్వరూ మనసు మార్చుకోలేదు. అయినా 3, 2, 1 అని మూడు ఫలితాలు వచ్చాయి. అంటే మన ఓటు ఎంత బలమైనదో మన ఒక్కరి చేతిలో లేదు. మన పక్కన ఎవరి ఓట్లు కలిపారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే.

దీన్ని కావాలని వాడుకున్నవాళ్లు కూడా ఉన్నారు. 1812లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర గవర్నరు ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ తన పార్టీకి లాభం కలిగే గీతల చట్టం మీద సంతకం పెట్టాడు. అందులో ఒక నియోజకవర్గం వంకర్లు తిరిగి సాలమాండర్ అనే బల్లిలాంటి జంతువులా ఉందట. ఒక పత్రిక గెర్రీ పేరు, ఆ జంతువు పేరు కలిపి “గెర్రీమాండర్” అని బొమ్మ వేసి ఎగతాళి చేసింది. ఆ మాట ఇప్పటికీ వాడుకలో ఉంది.

పాతబస్తీలో ఏం జరిగింది?

ఇక చాచా గారి గల్లీకి వద్దాం.

1971 జనాభా లెక్కల ప్రకారం గీసిన గీతల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1978 నుంచి 2004 దాకా ఏడుసార్లు అసెంబ్లీ ఎన్నికలు జరిగాయి. ఈ లోపల హైదరాబాద్ ఎంత పెరిగిందో చెప్పనక్కర్లేదు. చివరికి 2002లో పునర్విభజన చట్టం చేశారు. 2001 జనాభా లెక్కలు తీసుకొని కొత్త గీతలు గీశారు. అవి 2008లో అమల్లోకి వచ్చాయి. 2009 ఎన్నికలు కొత్త గీతల మీదే జరిగాయి.

మొత్తం సీట్లు మాత్రం 294 అలాగే ఉంచారు. కాబట్టి పట్నంలో సీటు పెరిగితే ఎక్కడో పల్లెల వైపు తగ్గాల్సిందే. కూకట్‌పల్లి, ఎల్.బి.నగర్, ఉప్పల్, రాజేంద్రనగర్, శేరిలింగంపల్లి లాంటి సీట్లన్నీ అట్లా కొత్తగా పుట్టినవే.

హైదరాబాద్ జిల్లాలో 13 సీట్లుండేవి, 15 అయ్యాయి. హిమాయత్‌నగర్, ఆసిఫ్‌నగర్, మహారాజ్‌గంజ్ అనే మూడు పేర్లు పోయాయి. అంబర్‌పేట, జూబ్లీహిల్స్, నాంపల్లి, గోషామహల్, బహదూర్‌పురా అనే ఐదు కొత్తగా వచ్చాయి. చార్మినార్, యాకుత్‌పురా, చాంద్రాయణగుట్ట, కార్వాన్, మలక్‌పేట పేర్లు పాతవే గానీ వాటి హద్దులు మారాయి.

ఫలితం చూడండి. 2004లో మజ్లిస్ పార్టీ 4 సీట్లు గెలిచింది. అవి చార్మినార్, యాకుత్‌పురా, చాంద్రాయణగుట్ట, కార్వాన్. 2009లో ఆ నాలుగూ నిలుపుకొని మలక్‌పేట, నాంపల్లి, బహదూర్‌పురా కూడా గెలిచింది. 4 కాస్తా 7 అయ్యాయి. 2014, 2018, 2023 ఎన్నికల్లోనూ అవే 7 సీట్లు గెలిచింది.

మలక్‌పేట సంగతి గమనించదగ్గది. 1999లో అక్కడ బీజేపీ అభ్యర్థి ఎన్. ఇంద్రసేనారెడ్డి గెలిచారు. అప్పుడు మలక్‌పేట చాలా పెద్ద నియోజకవర్గం. 2009 నాటికి ఎల్.బి.నగర్ వైపు కాలనీలు విడిపోయి వేరే సీటు అయ్యాయి. మిగిలిన చిన్న మలక్‌పేటలో మజ్లిస్ గెలుస్తూ వచ్చింది. అక్కడి మనుషులు ఊరు విడిచి పోలేదు. గీత వాళ్ల మధ్యలోంచి పోయింది, అంతే.

గీతకు రెండో పక్క కూడా ఉంది. పాత మహారాజ్‌గంజ్ వైపు ఏర్పడిన గోషామహల్‌లో 2009లో కాంగ్రెస్ గెలిచింది. 2014, 2018, 2023లో మూడుసార్లూ బీజేపీ అభ్యర్థి రాజాసింగ్ గెలిచారు. ఈ గోషామహల్ కూడా హైదరాబాద్ లోక్‌సభ సీటులోదే. పక్కపక్క సీట్లే, ఫలితాలు మాత్రం ఎదురెదురు.

లోక్‌సభ సీటు కూడా మారింది. ఇది విని నాకు చాలా ఆశ్చర్యం వేసింది. 2008కి ముందు హైదరాబాద్ లోక్‌సభ నియోజకవర్గంలో పాతబస్తీతో పాటు తాండూరు, వికారాబాద్ లాంటి పల్లె ప్రాంతాలు కూడా ఉండేవి. అంటే తాండూరు పక్క తండాలో ఉన్న మన లంబాడీ ఓటరుకు, చార్మినార్ దగ్గర గాజులమ్మే లాడ్‌బజార్ ఓటరుకు ఒక్కరే ఎంపీ! కొత్త గీతలతో తాండూరు, వికారాబాద్ చేవెళ్ల అనే కొత్త లోక్‌సభ సీటుకు పోయాయి. హైదరాబాద్ సీటు పూర్తిగా పట్నం సీటు అయింది.

గీతే అంతా కాదు

ఇంతవరకు రాసి చూపిస్తే సారు ఒక తప్పు పట్టుకున్నారు. “ఏది జరిగినా గీత వల్లేనంటావా? గీత మారకుండా ఫలితం మారలేదా, చూడు” అన్నారు. చూస్తే నిజమే.

1994లో పాత గీతలే ఉన్నాయి. అయినా మజ్లిస్‌లోంచి చీలిపోయిన మజ్లిస్ బచావో తెహ్రీక్ చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా గెలుచుకుంది. మజ్లిస్‌కు చార్మినార్ ఒక్కటే మిగిలింది. కార్వాన్‌లో 1985, 1989, 1994లో బీజేపీ నాయకుడు బద్దం బాల్‌రెడ్డి గెలిచారు. 1999లో అదే కార్వాన్, అవే హద్దులు, కానీ మజ్లిస్ గెలిచింది.

లోక్‌సభ లెక్క కూడా అంతే. హైదరాబాద్‌లో అసదుద్దీన్ ఒవైసీ మెజారిటీ 2004లో లక్ష పైచిలుకు. కొత్త గీతల మీద జరిగిన 2009 ఎన్నికలో సుమారు లక్షా 13 వేలు. పెద్దగా పెరగలేదు. ఆ తర్వాత అవే గీతల మీద 2024కి 3 లక్షల 38 వేలు అయింది. ఆ పెరుగుదలను గీత లెక్కలో వేయలేం.

కాబట్టి నాకు అర్థమైనది ఇది. గీత ఎవర్నీ గెలిపించదు. ఎవరు ఎవర్ని ఓటు అడగాలో నిర్ణయిస్తుంది. రెండు రకాల జనం సగం సగం ఉన్న చోట అభ్యర్థి రెండు గల్లీలకూ పోవాలి, ఇద్దరికీ సమాధానం చెప్పాలి. ఒకే రకం జనం కుప్పగా ఉన్న చోట ఒక గల్లీకి పోకపోయినా గెలుస్తాడు. అప్పుడు ఆ సీటులో మిగిలిపోయిన కొద్దిమంది గతేమిటి? మరోపక్క, కుప్పగా లేకుండా అన్ని సీట్లలో చల్లేస్తే ఆ వర్గానికి అసెంబ్లీలో తన మనిషే ఉండడు. రెండింటిలోనూ కష్టముంది. ఇది పాతబస్తీ ముస్లింలకూ వర్తిస్తుంది, వాళ్ల మధ్య ఉన్న హిందువులకూ వర్తిస్తుంది, మనకూ వర్తిస్తుంది.

“సీటు మారాక మీకు ఏం మారింది చాచా?” అని నేను అడిగాను. “మోరీ పొంగితే దరఖాస్తు పట్టుకొని పోయే ఆఫీసు మారింది బేటా. ఎవరి దగ్గరికి పోవాలో తెలిసేసరికి ఒక వానకాలం పోయింది” అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు గానీ నాకు నవ్వు రాలేదు.

గీత ఎవరు గీస్తారు?

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అసెంబ్లీలో గెలిచిన పార్టీవాళ్లే గీతలు గీస్తారు. మన దేశంలో అట్లా కాదు. అందుకు ప్రత్యేకంగా ఒక కమిషన్ వేస్తారు. ఇప్పటిదాకా 1952, 1962, 1972, 2002 చట్టాల కింద దేశమంతటికీ నాలుగు కమిషన్లు పనిచేశాయి. వాటిలో చివరి కమిషన్‌కు సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షులు. కేంద్ర ఎన్నికల సంఘం నుంచి ఒకరు, రాష్ట్ర ఎన్నికల కమిషనర్ సభ్యులు. ఒక్కో రాష్ట్రం నుంచి కొందరు ఎంపీలు, ఎమ్మెల్యేలు కూడా కూర్చుంటారు గానీ వాళ్లకు ఓటు హక్కు లేదు. సలహా మాత్రమే చెప్పగలరు.

గీతకు నియమాలున్నాయి. నియోజకవర్గం ఒకేచోట కలిసి ఉండాలి. వాగులు, కొండలు, మండలాల హద్దులు, రాకపోకల సౌకర్యం, ప్రజల వీలు చూడాలి. ముందు ముసాయిదా గెజెట్‌లో ప్రకటించి, అభ్యంతరాలకు గడువు ఇవ్వాలి. బహిరంగ సమావేశాలు పెట్టి జనం మాట వినాలి. ఆ తర్వాతే తుది ఉత్తర్వు. అది ఒకసారి వచ్చిందంటే చట్టంతో సమానం. 329వ అధికరణం వల్ల మామూలుగా కోర్టుకు పోయి మార్పించుకోవడం కుదరదు. అంటే మాట్లాడాల్సింది ముసాయిదా వచ్చినప్పుడే. ఆ కొద్ది రోజులు దాటితే మళ్లీ కొన్ని పదుల ఏళ్లు ఆగాలి.

ఇందులో మనకేమిటి?

“పాతబస్తీ గొడవ మనకెందుకు?” అని కొందరు అనుకోవచ్చు. మనకే ఎక్కువ కావాలి.

ముస్లింలకు అసెంబ్లీలో రిజర్వుడు సీట్లు లేవు. వాళ్లకు ఉన్నదల్లా ఒకచోట ఎక్కువమంది ఉండటమే. మన గిరిజనులకు 332వ అధికరణం ప్రకారం అసెంబ్లీలో రిజర్వుడు సీట్లున్నాయి. ఆ సీట్లలో పోటీ చేసేవాళ్లు గిరిజనులే కావాలి, ఓటు మాత్రం అన్ని కులాలవాళ్లూ వేస్తారు. ఎన్ని సీట్లు ఇవ్వాలన్నది రాష్ట్ర జనాభాలో మన వంతును బట్టి లెక్క కడతారు. ఏవి ఇవ్వాలన్నది ఏ నియోజకవర్గంలో గిరిజనుల శాతం అన్నిటికంటే ఎక్కువుందో చూసి నిర్ణయిస్తారు. గీతను కాస్త పక్కకు జరిపితే ఆ శాతం మారిపోతుంది! పక్కపక్కనున్న ఇరవై తండాలను ఒకే సీటులో ఉంచితే ఒక లెక్క. పది ఇటు, పది అటు చీలిస్తే రెండు చోట్లా మనం కొద్దిమందిమే. చింతగింజల ఆట గుర్తుంది కదా!

2008 మార్పు మనకు మేలు చేసింది. ఉమ్మడి రాష్ట్రంలో ఎస్టీ సీట్లు 15 నుంచి 19 అయ్యాయి. ఎస్సీ సీట్లు 39 నుంచి 48 అయ్యాయి. డోర్నకల్, మహబూబాబాద్ అసెంబ్లీ సీట్లు అప్పుడే ఎస్టీలకు రిజర్వు అయ్యాయి. లోక్‌సభలో అంతకుముందు పార్వతీపురం, భద్రాచలం అనే రెండు ఎస్టీ సీట్లుండేవి. వాటి బదులు అరకు, మహబూబాబాద్, ఆదిలాబాద్ అని మూడు వచ్చాయి. తెలంగాణ లంబాడీలను ఎస్టీ జాబితాలో చేర్చింది 1976 నాటి చట్టం. 1971 లెక్కలు అంతకుముందువి. వాటి మీద గీసిన గీతలతోనే మనం 2004 దాకా ఓట్లు వేశాం. లెక్క ఆలస్యమైతే హక్కు కూడా ఎట్లా ఆలస్యమవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

రాష్ట్రం విడిపోయాక 119 సీట్ల తెలంగాణలో 12, 175 సీట్ల ఆంధ్రప్రదేశ్‌లో 7 ఎస్టీ సీట్లు మిగిలాయి. ఆ విభజనలో కూడా ఇల్లు కదలకుండా సీటు కదిలినవాళ్లున్నారు. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాల కోయ అన్నలు, అక్కలు 2014లో భద్రాచలం ఎమ్మెల్యేకు ఓటేశారు. పోలవరం ప్రాజెక్టు కోసం ఆ మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. 2019లో వాళ్లు రంపచోడవరం ఎమ్మెల్యేకు ఓటేశారు. వాళ్లకైతే సీటే కాదు, రాష్ట్రమే కదిలింది.

ముందు ముందు

ఇక ముందు సంగతి. 84వ రాజ్యాంగ సవరణ ప్రకారం 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కలు వచ్చేదాకా సీట్ల సంఖ్య మార్చకూడదు. 2014 విభజన చట్టంలోని 26వ సెక్షన్ తెలంగాణలో 119ని 153కు, ఆంధ్రప్రదేశ్‌లో 175ను 225కు పెంచాలంది. ఆ పని వెంటనే చేయించాలని కొందరు సుప్రీంకోర్టుకు పోయారు. 170వ అధికరణానికి లోబడే చేయాలంటూ 2025 జులైలో కోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. 2025 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం 2027 మార్చి 1ని జనాభా లెక్కలకు ఆధార తేదీగా ప్రకటించింది. 2023లో చేసిన 106వ సవరణ చట్టసభల్లో మహిళలకు మూడో వంతు సీట్లు ఇవ్వాలని చెప్పి, దాన్ని కూడా పునర్విభజనతోనే ముడిపెట్టింది. ఎస్టీ సీట్లలో కూడా మూడో వంతు మహిళలకే. మన బడిలో చదివే అక్కాచెల్లెళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

మరి మనం చేయాల్సిందేమిటి? నాకు మూడు పనులు తోచాయి.

ఒకటి, జనాభా లెక్కలవాళ్లు వచ్చినప్పుడు తండాలో, గూడెంలో ఒక్కరు కూడా తప్పిపోకుండా రాయించుకోవాలి. కూలికి పట్నం పోయినవాళ్ల సంగతి ముందుగా చూసుకోవాలి. మా మామ లాంటివాళ్లు ఇక్కడా రాయించుకోక, అక్కడా రాయించుకోకపోతే అసలు లెక్కలోనే ఉండరు.

రెండు, ముసాయిదా వచ్చినప్పుడు మన ఊరు ఏ సీటులో పడిందో చదివి ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పాలి. మా బాపుకు చదువు రాదు, నాకు వచ్చు. గెజెట్‌లో మండలం పేరు, గ్రామం పేరు వెతకడం పదో తరగతి చదివినవాడికి పెద్ద పని కాదు.

మూడు, మన వాగు ఇవతల గ్రామాలను అవతలి సీటులో కలిపితే, పక్కపక్క తండాలను చీలిస్తే, గడువు లోపల గ్రామసభలో తీర్మానం చేసి అభ్యంతరం పంపాలి. కారణం కూడా రాయాలి. బస్సు లేదు, వానకాలంలో వాగు దాటలేం, మండల కేంద్రం ఎటువైపు ఉంది, ఇట్లాంటివి. ఊరికే మాకు ఇష్టం లేదు అని రాస్తే ఎవరూ వినరు.

చాచాకు 2008లో ఈ సంగతి ఎవరూ చెప్పలేదట. పోలింగ్ రోజు స్లిప్పు చూసుకున్నాకే సీటు మారిందని తెలిసిందన్నారు. మన తండాలో, మన గూడెంలో ఎవరికీ అట్లా తెలియకూడదని నా కోరిక.

మిత్రులారా! మీ ఊరు ఏ అసెంబ్లీ నియోజకవర్గంలో ఉంది? దాని నంబరెంత? అది రిజర్వుడా, జనరలా? ఒక చీటీ మీద రాసి గోడ పత్రిక పెట్టెలో వేయండి. వచ్చే సంచికలో మన బడి పిల్లల ఊళ్లన్నిటితో ఒక పటం గీద్దాం.

ఇట్లు,
10వ తరగతి విద్యార్థి